ముట్లుడుగు వయసున గుండెదడ, తలతిప్పు, దిగులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయము పురాణములను, ప్రబంధములను, నవలలను భద్రపరచు బీరువా మాత్రమే కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు, జ్ఞానము పదిమందికిని చేరవలెనను దీక్షతో ఆ పనికి పూనుకొనిరి. నలుగురిలో అడుగుటకు నోరు రాని ప్రశ్నలు ప్రతి యింటను కొన్ని యుండును. వానికి పుస్తకము సిగ్గుపడక సమాధానము చెప్పును; అడిగినవారి గుట్టు ఇంకొకరికి చెప్పదు. అట్టి ప్రశ్నలలో నొకటి నేటి ప్రసంగ విషయము. స్త్రీలకు ముట్లుడుగు వయసున కలుగు గుండెదడ, తలతిప్పు, కారణము తెలియని దిగులు ఏల వచ్చును? వానిని ఎట్లు ఓర్చుకొనవలెను? ఎప్పుడు ఓర్చుకొనరాదు?

పండుగ సభలో ఈ ముచ్చట యేల యని కొందరికి తోచవచ్చును. తల్లి కడుపున పుట్టనివారు ఈ సభలో నొక్కరును లేరు. ఆ తల్లికి 45 ఏండ్లు దాటినప్పుడు ఏమి జరుగునో తెలిసికొనుట బిడ్డలకు సిగ్గుచేటు కాదు, తెలియకుండుటయే సిగ్గుచేటు.

కొత్తవాడ నేతపనివారి వాడ. ఇచ్చటి మగ్గములపై పుట్టిన షత్రంజీలు, జంపఖానాలు ఓరుగల్లు పేరును దూరదేశములకు మోసినవి. 2018లో వరంగల్ దరీలకు భౌగోళిక గుర్తింపు లభించినది. మగ్గము పేరు చెప్పగానే లోకమునకు మగవాని చేయి కనబడును. కండెలు చుట్టి, నూలు సవరించి, వంట వండి, బిడ్డలను సాకిన ఆడుదాని చేయి కనబడదు. అట్టి యిల్లా లొకతె రాట్నము ముందు కూర్చున్నదనుకొనుడు. ఆమెకు 46 ఏండ్లు. ముట్టు రెండు నెలలు రాలేదు, మూడవ నెల వరదవలె వచ్చినది. కండె సగము నిండునప్పటికి రొమ్ములో ఏదో ఎగిరిపడినట్లగును. గుండె పరుగెత్తును. మెడనుండి ముఖము దాక సెగ యెక్కును, చెమట కారును, పిదప చలి పుట్టును. లేవబోగా కండ్లు తిరుగును. ప్రాణము పోవునేమో యను భయము కమ్మును. అయిదు నిమిషములు గడచునప్పటికి అంతయు సద్దుమణగును. భయము మాత్రము మిగులును.

అప్పుడు ఇంటిల్లిపాదియు తలకొక తీర్పు చెప్పుదురు. గాలి సోకినదని ఒకరు తాయెత్తు కట్టింతురు. గుండెజబ్బేయని ఒకరు భయపెట్టుదురు. పని తప్పించుకొనుటకు నటనయని ఒకరు మూతి ముడుతురు. గర్భసంచి తీసివేయించిన పీడ వదలునని ఇంకొకరు సలహా యిత్తురు. ఈ నాలుగు తీర్పులలో విచారణ చేసి చెప్పినది ఒక్కటియు లేదు. ఆ యిల్లాలును, అత్తవారింటి ఆరళ్లను సైతము పాటలో చెప్పుకొనగలిగినదే అయినను, ఈ బాధను మాత్రము కొంగున ముడివేసికొని తిరుగును.

ఇది కొత్త జబ్బు కాదు. అసలు జబ్బే కాదు. ఆర్తవము 12వ ఏట మొదలై, శరీరము ముదిమిచే పండిన పిదప 50వ ఏట క్షయించునని సుశ్రుత సంహిత చెప్పినది. తెలుగున దీనికి ముట్లుడుగు అను చక్కని పేరున్నది. ఉడుగుట యనగా తగ్గి నిలిచిపోవుట. గాలి ఉడిగినట్లు, వాన ఉడిగినట్లు ఇదియు ఒక్కదినమున జరుగునది కాదు. వరుసగా 12 నెలలు ముట్టు రాకున్న ముట్లుడిగినట్లు నేటి వైద్యులు లెక్కింతురు. పాశ్చాత్య దేశములలో ఇది సగటున 51వ ఏట జరుగగా, భారతదేశమున 46, 47 ఏండ్లకే జరుగుచున్నది. అంతకుముందు కొన్ని సంవత్సరములు ముట్టు గతి తప్పుచుండును. బాధలు ఎక్కువగా ఆ సంధికాలముననే కనబడును. కొందరికి ఏడెనిమిది సంవత్సరములు సాగుటయు కలదు. ఏ బాధయు లేక దాటిపోవు అదృష్టవతులును ఉందురు.

అలంకార శాస్త్రము చదివినవారికి అష్టసాత్త్విక భావములు తెలిసినవే. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. చెమట పట్టుట, వణుకు పుట్టుట, కన్నీరు కారుట, తెలివి తప్పుట యనునవి పదునారేండ్ల నాయికకు కలిగినచో ప్రబంధకవులు పద్యముల కొలది వర్ణించిరి. చెలికత్తెలు పన్నీరు చల్లిరి, తామరాకులతో విసరిరి. అవే చిహ్నములు నలువదియారేండ్ల గృహిణికి కలిగినప్పుడు విసనకఱ్ఱ పట్టుకొను చెలికత్తె లేదు. కావ్యము విడిచిపెట్టిన ఆ నాయికను వైద్యశాస్త్రము పట్టించుకొనుట మేలయినది.

కారణము సంగ్రహముగా నిది. స్త్రీ అండాశయములనుండి ఈస్ట్రోజను అను హార్మోను పుట్టును. అది గర్భాశయమునకే పరిమితము కాదు. మెదడుమీదను, గుండె నడకమీదను, రక్తనాళములమీదను, ఎముకలమీదను, నిద్రమీదను దానికి అధికారము కలదు. సంధికాలమున అది క్రమముగా తగ్గక ఒకనాడు పొంగి, మరునాడు కుంగుచుండును. పడుగు బిగువు ఒక్కతీరుగా నున్నప్పుడు నేత సాఫీగా సాగును. ఒకచోట బిగిసి ఒకచోట వదులైనచో పోగులు తెగును. దేహమందును ఇదే జరుగును. మెదడులో ఒంటి వేడిని కనిపెట్టియుండు కేంద్రము అతిసున్నితమై, స్వల్పమైన వేడికే బెదరి, చర్మమునకు రక్తమును తరుమును, చెమట పట్టించును, గుండెను తొందరపెట్టును. సామాన్యముగా ఈ సెగ ఒకటినుండి అయిదు నిమిషములుండును. ఈ విధముగా వచ్చిన దడ చాలమందికి గుండె చెడినందువలన వచ్చినది కాదు. గుండెకు అందిన తప్పుడు కబురువలన వచ్చినది.

తలతిప్పునకు దారులు పెక్కు. సెగ సమయమున చర్మపు నాళములు విప్పారుటవలన రక్తపుపోటు కొంత దిగవచ్చును. భయముచే గబగబ ఊపిరి పీల్చుటవలన రక్తమందలి బొగ్గుపులుసు గాలి తగ్గి తల తేలిపోవును, పెదవుల చుట్టును వ్రేళ్ల కొనలయందును తిమ్మిరి పుట్టును. గుంతమగ్గముపై గంటల తరబడి కాళ్లు క్రిందికి వ్రేలవేసి కూర్చున్నవారికి రక్తము కాళ్లలో నిలిచి, తటాలున లేచినప్పుడు కన్ను చీకటిపడును. ఓరుగల్లు ఎండలలో నీరు త్రాగక, ఉపవాసముతో పని చేసినచో ఇది రెట్టింపగును. ప్రక్కకు ఒత్తిగిలినప్పుడు ఇల్లంతయు గిఱ్ఱున తిరిగినట్లున్న, అది లోచెవి దోషము కావచ్చును. తలను ఒక పద్ధతిగా త్రిప్పించి వైద్యులు దానిని సులువుగా కుదుర్తురు.

ఇక దిగులు. రాత్రి సెగలచే నిద్ర చెడును. నిద్ర చెడిన మనసు మరునాడు చీమ చిటుక్కుమన్నను ఉలికిపడును. ఉలికిపడిన మనసు గుండెను చెవియొగ్గి వినుచుండును. వినగా వినగా మామూలు చప్పుడును పిడుగువలె వినబడును. దడవలన భయము, భయమువలన దడ. ఇది గానుగెద్దు నడక. ఆ వయసుననే కూతురి పెండ్లి, కొడుకు ఉద్యోగము, అత్తమామల మంచము, మగ్గమునకు పని లేని నెలలు వచ్చి మీద పడును. కావున దిగులంతయు హార్మోనులదే యనుట అన్యాయము, హార్మోనులకు సంబంధమే లేదనుటయు అన్యాయమే.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈడు మళ్లినది గదా యని ప్రతి దడను వయసు పద్దులో వ్రాయరాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 15నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత కలదు. రక్తము తక్కువైనప్పుడు గుండె ఎక్కువసారులు కొట్టుకొని లోటు పూరించుకొనును. ఆయాసము, తలతిప్పు కలుగును. సంధికాలపు అధిక రక్తస్రావము దానిని ఇంకను పెంచును. థైరాయిడు గ్రంథి ఎక్కువగా పనిచేసినను దడ, చెమట, వణుకు, నిద్రలేమి అచ్చముగా ఇట్లే యుండును. చక్కెరవ్యాధి మాత్రలు వాడువారికి చక్కెర పడిపోయినను ఇంతే. కావున హిమోగ్లోబిను, థైరాయిడు, చక్కెర, రక్తపుపోటు, గుండె విద్యుత్‌రేఖ అగు ఇ.సి.జి. పరీక్షలు ఒకమారు చేయించుట ధర్మము. ఇవి పెద్ద ఖర్చు పరీక్షలు కావు.

తెలంగాణమున ప్రత్యేకముగా చెప్పవలసిన కారణ మొకటి కలదు. మత్తుమందులు కలిపిన కల్తీకల్లునకు అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినచో దడ, వణుకు, ఆందోళన, ఒక్కొక్కప్పుడు మూర్ఛ కలుగును. 2015లో కల్తీకల్లు అరికట్టబడినప్పుడు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో ఎందరో ఇట్టి లక్షణములతో ఆసుపత్రులపాలైరి. అట్టి యలవాటున్నవారు వైద్యునికి దాచక చెప్పి, ఆయన పర్యవేక్షణలో మెల్లగా మానవలయును. ఘాటైన చాయ, తంబాకు, జర్దాయు గుండెను తొందరపెట్టునవే.

ఎప్పుడు ఓర్చుకొనరాదో ఇప్పుడు వినుడు. రొమ్ముమీద బరువు పెట్టినట్లు నొప్పి కలిగినను, అది దవడకో వీపునకో ఎడమచేతికో ప్రాకినను, ఊపిరి ఆడకున్నను, తెలివి తప్పి పడిపోయినను, ఊరక కూర్చుండగా నాడి నిమిషమునకు 120 దాటి ఎంతకును దిగకున్నను, మాట తడబడి మూతి వంకరపోయి ఒక చేయి చచ్చుబడినను, అది ముట్లుడుగు బాధ యని కూర్చుండరాదు. తక్షణమే 108కి ఫోను చేయవలయును. ముట్లుడిగిన పిదప ఈస్ట్రోజను రక్షణ తగ్గి స్త్రీలకు గుండెజబ్బు అవకాశము పెరుగును. వారికి గుండెపోటు రొమ్మునొప్పి లేకయే, ఆయాసముగనో వికారముగనో అంతులేని అలసటగనో వచ్చుటయు కలదు. ముట్లుడిగి ఏడాది గడచిన తరువాత ఎఱ్ఱచుక్క కనబడినను వైద్యపరీక్ష తప్పదు.

ఈ ప్రమాదచిహ్నములు లేని సామాన్యపు దడ వచ్చినప్పుడు చేయవలసిన పనులు సులభమైనవి. చేతిలోని పని నిలిపి కూర్చుండవలెను; కండ్లు తిరిగినచో పండుకొని కాళ్లు కొంచెము ఎత్తున పెట్టుకొనవలెను. రవిక బిగువు వదులు చేసికొని, ముఖము చన్నీళ్లతో తుడుచుకొనవలెను. నాలుగు లెక్కించువరకు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కించువరకు మెల్లగా విడువవలెను. నిశ్వాసము దీర్ఘమైనకొలది గుండె నెమ్మదించును. ప్రాణాయామము నేర్చిన ఈ దేశమునకు ఇది క్రొత్త పాఠము కాదు. ఇది సెగ, వచ్చినదారినే పోవునని తనకు తాను చెప్పుకొనవలెను. మగ్గపు గుంతనుండి లేచునప్పుడు ముందు పాదములు ఆడించి, అంచుమీద కొంతసేపు కూర్చుండి, ఆ పిమ్మట నిలువవలెను.

నిత్యజీవనమున పాటించవలసినవి మరికొన్ని. చాయను ఉదయమునకే పరిమితము చేయుట; వేళకు తినుట; ఎండకాలమున మజ్జిగ, నీరు తరచుగా త్రాగుట; రాగి, నువ్వులు, ఆకుకూరలు, పప్పు, పాలు విడువకుండుట; దినమునకు అరగంట చురుకుగా నడచుట; నూలుచీరలు కట్టుట. నూలు నేసిన వాడలో నైలాను చీర కట్టి సెగకు తాళలేకపోవుట వింతయే గదా! నిద్రకు ఒక వేళ నియమించుకొనుట మిక్కిలి ముఖ్యము.

ఇంకొక పని మందుకంటె మేలు చేయును. పొలమునకు పహాణీ యుండును. ఏ సర్వే నంబరున ఏ పంట వేసిరి, ఎంత భూమి పడావు పడినది యని అందులో తెలియును. ఒక యెకరము భూమికున్న ఆ మర్యాద ఇంటి యిల్లాలి దేహమునకు లేకుండుట న్యాయమా? ఒక చిన్న నోటుబుక్కున తేది, వేళ, దడ ఎంతసేపున్నది, నిండు నిమిషమునకు నాడి యెన్నిమారులు కొట్టుకొన్నది, సామాన్యముగా అది 60నుండి 100 లోపుండును, అంతకుముందు ఏమి తినినది, ఎట్లు నిద్రించినది, ముట్టు ఎప్పుడు వచ్చినది, ఏ మందులు వాడుచున్నది వ్రాసిపెట్టవలయును. చదువురాని తల్లికి బడి చదువు బిడ్డ వ్రాసిపెట్టవచ్చును. గాబరాగా నున్నదన్న మాట విని వైద్యుడు చేయగలిగినదానికంటె, రెండు నెలల చిట్టా చూచి చేయగలిగినది ఎక్కువ. ఆ చిట్టా వ్రాయుచుండగా బాధితురాలికిని ఒక సత్యము బోధపడును: ఇన్నిమారులు వచ్చిన దడ, ప్రతిమారును పోయినదే.

బాధ మితిమీరినచో చికిత్స కలదు. తగ్గిన హార్మోనును తగుమాత్రముగా నిచ్చు పద్ధతి సెగలకు మిక్కిలి గుణకారి. వానితో వచ్చు దడయు నిద్రలేమియు దానితో తగ్గవచ్చును. 2002లో అమెరికాయందలి ఒక పెద్ద పరిశోధన ఫలితములు వెలువడినప్పుడు ఈ చికిత్స ప్రమాదకరమను భయము లోకమెల్ల వ్యాపించెను. అందు పాల్గొన్న స్త్రీల సగటు వయసు 63 ఏండ్లు. ఆ తరువాతి విచారణలో, 60 ఏండ్లలోపు వారికి, లేదా ముట్లుడిగి 10 ఏండ్లు దాటనివారికి, ఇతర దోషములు లేనిచో, కీడుకంటె మేలే యెక్కువయని తేలినది. రొమ్ము క్యాన్సరు, రక్తనాళములలో గడ్డలు, గుండెపోటు, పక్షవాతము, కాలేయవ్యాధి కలవారికిని, కారణము తేలని రక్తస్రావము ఉన్నవారికిని ఇది తగదు. హార్మోనులు తగనివారికి వేరు మందులును కలవు. దిగులు ముదిరినవారికి ఆలోచనలను సవరించు మానసిక చికిత్స మేలు చేయును. మనోవైద్యుని చూచుట పిచ్చికి గుర్తు కాదు. 2022లో కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ అను సేవను 14416 నంబరుతో ప్రారంభించినది. పొరుగింటివారి గుండెమాత్రలు అరువు తెచ్చి మ్రింగుట మాత్రము ఎన్నడును కూడదు.

ఇప్పుడు ఆ నాలుగవ తీర్పును విచారింపవలెను. గర్భసంచి తీసివేయించిన పీడ వదలునా? 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయబడినవారు దేశమున నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7 అని తేలినది. దేశమున మొదటి రెండు స్థానములును తెలుగువారివే! ఇది గర్వింపదగిన ప్రథమ స్థానము కాదు. క్యాన్సరు, ఆగని రక్తస్రావము, పెద్ద గడ్డలు ఉన్నచోట ఈ శస్త్రచికిత్స ప్రాణము నిలుపును, కాదనుటకు వీలులేదు. కాని తెల్లబట్టకో నడుమునొప్పికో ముట్టుదినముల విసుగుకో సంచి తీయించుట తలనొప్పికి తల తీయించుటవంటిది.

సంచితోపాటు అండాశయములను కూడ తీసినచో, ప్రకృతి కొన్ని సంవత్సరములలో మెల్లగా చేయు పని ఒక్కదినమున జరుగును. సెగలు, దడ, నిద్రలేమి, దిగులు మరింత తీవ్రముగా విరుచుకొనిపడును. 30, 35 ఏండ్లకే ఇది జరిగినచో ఎముకల బలిమియు, గుండె రక్షణయు పదిపదునైదేండ్లు ముందుగనే పోవును. అట్టివారికి సహజముగా ముట్లుడుగు వయసువరకు, దోషము లేనిచో, హార్మోను ఇప్పించుట అవసరమని వైద్యులందురు; ఆ సంగతి చెప్పక ఇంటికి పంపబడినవారు ఎందరో! అండాశయములు నిలిపి సంచి మాత్రమే తీసినచో ముట్టు ఆగును గాని హార్మోను వెంటనే ఆగదు. పిదప అది ఉడుగునప్పుడు ముట్టు గుర్తు లేనందున, వచ్చిన దడ యేమిటో ఆమెకు తెలియదు. పీడ వదలుటకు చేసిన పనియే పీడకు గుర్తు చెరిపివేయును. అనవసరపు శస్త్రచికిత్సల విషయము సుప్రీం కోర్టువరకు పోగా, వానిని అరికట్టు మార్గదర్శకములను రాష్ట్రములు అమలుపరచవలెనని 2023లో ఆ న్యాయస్థానము ఆదేశించినది. కావున ఎవరైన సంచి తీయవలెనన్నచో, కారణమేమి, మందులతో కుదరదా, అండాశయములను ఉంతురా తీయుదురా అను మూడు ప్రశ్నలు అడిగి, రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొనక సంతకము చేయరాదు. భూమి దస్తావేజుపై చదువక వ్రేలిముద్ర వేయని రైతు, భార్య దేహమునకు సంబంధించిన కాగితముపై మాత్రము చదువక సంతకము చేయుట తగునా?

సహాయము దూరమున లేదు. వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి ఈ వాడకు చేరువలోనిదే. 2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వము ఆరోగ్య మహిళ అను పథకమును ప్రారంభించి, మంగళవారములందు స్త్రీలకై ప్రత్యేక వైద్యసేవలు ఏర్పరచినది. అందు ముట్లుడుగు బాధలకు చికిత్సయు చేర్చబడినది. ఆశా కార్యకర్త నడిగిన దారి చూపును. లేనిదల్లా అడుగు నోరు, వెంట నడచు మనిషి.

కుటుంబ ధర్మము ఇచ్చటనే మొదలగును. అత్తగారు తాను పడిన బాధను కోడలికి చెప్పి, నాకును ఇట్లే యుండెను బిడ్డా, భయపడకుమని వీపు నిమిరినచో, అది సగము మందు. భర్త విసుగుకొనక ఆసుపత్రికి వెంట నడచినచో, అది పావు మందు. మిగిలిన పావే వైద్యుడిచ్చునది. కూతుళ్లు ఈ సంగతులను ఇప్పుడే వినియుండినచో వారి వంతు వచ్చినప్పుడు చీకటిలో తడుముకొననక్కరలేదు.

ముట్లుడుగుట స్త్రీ జీవితమునకు ముగింపు కాదు. 46 ఏండ్ల స్త్రీకి ఇంకను పాతికేండ్ల పైచిలుకు ఆయువుండుట నేడు సామాన్యము. ఆ కాలమును ఆమె భయముతో గడుపునా, నెమ్మదిగా గడుపునా యనునది కొంత ఆమె తెలివిపైనను, ఎక్కువగా ఇంటివారి దయపైనను ఆధారపడియున్నది. గ్రంథాలయము పాతికేండ్లు నిలిచినదన్న సంతోషమునకు తగినపని యొకటి కలదు. స్త్రీల ఆరోగ్యమును తెలుపు తెలుగు పుస్తకములకు ఒక అర కేటాయించి, వారమునకు ఒక మధ్యాహ్నము స్త్రీలకు మాత్రమే తలుపు తెరచియుంచవలెను. చదువగలవారు చదివెదరు, చదువలేనివారు విందురు. ఆ మధ్యాహ్నములలో ఒక్క తల్లి భయము తీరినను, ఒక్క కోడలి అనవసరపు శస్త్రచికిత్స తప్పినను, గ్రంథాలయ స్థాపకుల శ్రమ ఫలించినట్లే.

స్వస్తి.